అడక్కుండా వచ్చిన డబ్బు

మా తోడికోడలు అవినో ఎవరినీ నమ్మదు. నేను గుప్పెడు ఉప్పిస్తే మర్నాడు పొద్దున్నే గుప్పెడు ఉప్పు తెచ్చి నా గడపలో పెట్టి పోతుంది. "ఒకరి సొమ్ము నా ఇంట్లో ఉంటే నిద్ర పట్టదక్కా," అంటుంది. ఊళ్ళో వాళ్ళు దాన్ని పొగరంటారు. ఆ భయం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు.

మా మరిది, అవినో మొగుడు, సరస్సులో మునిగి పోయేనాటికి వాళ్ళ కూతురు అజూమా ఇంకా చంకబిడ్డ. బయటివాళ్ళు విక్టోరియా అనే మా లోల్వే సరస్సు ఒడ్డున ఆడవాళ్ళు బతికేది ఒమేనా మీద. వేలెడంత కూడా ఉండని వెండిరంగు చేపలవి. పడవలు తెల్లవారుతూనే వస్తాయి. మేం కొనుక్కుని, పాత వలలు పరిచి ఎండబోసి, సంతలో అమ్ముకుంటాం. ఆడవాళ్ళ వంతు ఎండబెట్టడమే, పడవలు మాత్రం మగవాళ్ళవి.

మరిది పోయిన నెలలోనే ఒగల్లో అనే పడవ యజమాని అవినోకి బకెట్టు నిండా చేపలు పంపాడు. "డబ్బుదేముందమ్మా, తర్వాత చూద్దాం," అన్నాడు. ఎంత మంచివాడో అని నాతో చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు. తనకేం కావాలో చెప్పాడు. మా ఒడ్డున చాలామంది ఆడవాళ్ళు ఎరిగిన బేరమే అది, పైకి మాత్రం ఎవరూ అనరు. పిల్లకింత మొక్కజొన్న పిండి ఉగాలి ముద్ద పెట్టాలి కదా. అవినో కొన్నాళ్ళు అలాగే చేపలు తెచ్చుకుంది. ఆ తర్వాత మానేసి, కొండ అవతల రేవుకి నడిచి వెళ్ళి ఎక్కువ ధర పెట్టి కొనడం మొదలుపెట్టింది. అంత దూరం ఎందుకని నేను అడగలేదు.

అలాంటి మనిషి ఇంటికి, చాలా ఏళ్ళ తర్వాత, కిసుము పట్నం నుంచి లావెండర్ అనే అమ్మాయి ఏదో సంస్థ తరఫున మోటారు బండి మీద వచ్చి, "అమ్మా, మీకు డబ్బు ఇస్తాం, తిరిగి ఇవ్వక్కర్లేదు," అంది.

ఊరందరికీ అదే మాట చెప్పింది. ప్రతి ఇంటికీ ఇస్తారట. ఫోన్లో పడుతుందట. ఏం కొనుక్కున్నారని కూడా అడగరట. ఆ సాయంత్రం నుంచే పుకార్లు లేచాయి. అది దయ్యాల డబ్బు అని ప్రార్థనలో పాస్టరు అన్నాడు. తీసుకున్నవాళ్ళ పిల్లల్ని ఎత్తుకుపోతారని ఒకరు, ఇంట్లోకి పెద్ద పాము వచ్చి డబ్బుకి కాపలా పడుకుంటుందని ఇంకొకరు. పక్క ఊళ్ళో సగం మంది తలుపులేసుకున్నారు.

మా అత్త మాత్రం, "దయ్యం నన్నేం చేసుకుంటుందే? నాకు పళ్ళు కూడా లేవు. నా పేరు రాయించండి," అంది. ఆవిడ వెనకాలే నేనూ రాయించాను. అవినో వంతు వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"ఎవరు పంపుతున్నారు అమ్మాయ్?" అని అడిగింది.

"దూరదేశాల వాళ్ళు అమ్మా. మంచి మనసున్నవాళ్ళు."

"వాళ్ళు ఇక్కడికి ఎప్పుడొస్తారు?"

"రారమ్మా."

"వస్తారు. ఇచ్చినవాడు రాకుండా ఉంటాడా? మగవాళ్ళేనా?"

లావెండర్ నవ్వబోయి, అవినో ముఖం చూసి ఆగిపోయింది. ఆ అమ్మాయి పుట్టిందీ ఇలాంటి రేవులోనే అయ్యుంటుంది, ఆ మాట అర్థమైంది. హెల్మెట్ చేతిలోకి తీసుకుంది. "మిమ్మల్ని బలవంతపెట్టను. మళ్ళీ వస్తాను," అని లేచింది.

మాకు డబ్బు పడింది. నేను మేకలు కొన్నాను, ఇంటికి రేకులు వేయించాను. మా అత్త పరుపు కొనుక్కుని దాని మీద పడుకోకుండా పక్కనే చాప వేసుకుని పడుకునేది. పాడైపోతుందట. అవినో మాత్రం మా ఇళ్ళని కాపలా కాసింది. బండి చప్పుడు వినిపిస్తే చాలు, చేపలు తిరగేస్తున్న కర్ర పక్కన పడేసి దారిలోకి వచ్చి నిలబడేది.

"వచ్చారా అక్కా?"

"ఎవరు?"

"వసూలుకి."

"ఎవరూ రాలేదే. నీకు తోచకపోతే నా మేకల్ని కాయి."

"వస్తారు. మేకలు ఈనాక వస్తారు. అప్పుడైతే పిల్లల్ని కూడా తోలుకుపోవచ్చని చూస్తున్నారు."

తన మాట విని నాకూ గుండెలో ఒక మూల బెరుకు పుట్టేది. ఒక మేక చచ్చిపోతే, మొదలైందేమోనని ఆ రోజంతా అన్నం సహించలేదు.

అజూమా అప్పుడే పెద్దమనిషయింది. పొడుగ్గా, తండ్రి పోలిక. ఒకరోజు బడి నుంచి తల మీద చేపల బకెట్టు పెట్టుకుని, కాళ్ళకి కొత్త చెప్పులు వేసుకుని వచ్చింది. నేనూ అవినో చేపలు ఎండబోస్తున్నాం.

"ఎక్కడివే?" అంది అవినో.

"ఒగల్లో మావయ్య ఇచ్చాడమ్మా. చేపలు నీకట, చెప్పులు నాకు. డబ్బు తర్వాత చూద్దాంలే అన్నాడు."

అవినో వంగి, కూతురి కాళ్ళ నుంచి చెప్పులు తనే విప్పింది. బకెట్టు ఎత్తుకుని రేవుకి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. ఒగల్లో నలుగురితో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అవినో చేపలన్నీ అతని పడవలో కుమ్మరించి, చెప్పులు వాటి మీద పడేసింది.

"ఏంటిది అవినో? పిల్ల ముచ్చటపడిందని ఇచ్చాను. తప్పా?" అన్నాడు.

"నీ 'తర్వాత చూద్దాం' ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా కూతురికి తెలియనివ్వను."

పక్కనున్నవాళ్ళు వలలోకి తలలు దించుకున్నారు. తిరిగి వస్తుంటే దారిలో నన్నడిగింది, "ఆ బండి అమ్మాయి మళ్ళీ వస్తానంది కదా. ఎప్పుడొస్తుంది?"

ఫోన్ చేయించాం, వచ్చింది. అవినో ఆ అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టి, ఉగాలి, చేపల పులుసు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుని ముఖంలోకే చూసింది. పాపం, ముద్ద దిగడానికి ఆ పిల్ల ఎంత కష్టపడిందో. చివరికి, "సరే, ఇవ్వు. ఎవరైనా వస్తే నా దగ్గరికి రమ్మను. పిల్ల దగ్గరికి కాదు," అంది. ఎవరూ రారని లావెండర్ మళ్ళీ చెప్పలేదు. తన సొంత ఫోన్ నంబరు ఇచ్చి, "ఎవరొచ్చినా ముందు నాకు చెప్పండి," అంది.

డబ్బు పడ్డాక కూడా చాన్నాళ్ళు ముట్టుకోలేదు. ఒకసారి కొంచెం తీసి సబ్బు కొని, ఏం జరుగుతుందో చూసింది. ఏమీ జరగలేదు. ఇంకోసారి కొంచెం తీసింది. ఆ తర్వాత ఒకేసారి పెద్ద మొత్తం తీసి, అజూమాని రేవుకి దూరంగా కొండ మీదున్న హాస్టలు బడిలో వేసింది. మిగిలినదానితో ఒక పాత పడవ బేరమాడింది. చాలకపోతే నేను మేకలు అమ్మి కలిపాను. మా అత్త వాడని పరుపు అమ్మేసింది.

ఆడదానికి పడవేంటని రేవంతా నవ్వింది. అది దయ్యాల డబ్బుతో కొన్నదని, ఎక్కితే మునుగుతుందని ఒగల్లో మనిషి మనిషికీ చెప్పుకొచ్చాడు. మా ఊరి జాలర్లు ఒక్కరూ ఎక్కలేదు. కొండ అవతల రేవు నుంచి ఇద్దర్ని తెచ్చుకుంది. వాళ్ళనీ నమ్మలేదు. పడవ వచ్చేసరికి ఒడ్డున నిలబడి, చేపలేమైనా దాచారేమోనని అడుగు చెక్కల కింద కూడా చెయ్యి పెట్టి వెతికేది. ఒకసారి తెల్లవారి చూస్తే వల నిలువునా కోసేసి ఉంది. ఎవరు కోశారో మాకు తెలుసు, రుజువు లేదు. ఇద్దరం కూర్చుని వారం పాటు కుట్టాం. అప్పటి నుంచి వల ఇంటికి మోసుకొచ్చి తన మంచం కింద పెట్టుకుంటోంది.

గొప్పగా సంపాదిస్తున్నామని చెప్పను. చేపలు తగ్గిపోతున్నాయి, పడవ కారుతుంది, పోయినేడు వానలకి మా ఇద్దరికీ తిండి జరగడమే గగనమైంది. కానీ ఇప్పుడు మా పడవ దగ్గర ఆడవాళ్ళు డబ్బిచ్చి చేపలు కొనుక్కుని తలెత్తుకుని వెళ్తారు. ఒగల్లో కూడా కొందరి దగ్గర డబ్బే తీసుకుంటున్నాడు, అందరి దగ్గరా కాదు.

పోయిన నెల నన్ను తోడు తీసుకుని చెప్పకుండా అజూమా బడికి వెళ్ళింది. వంటగది చూసింది. వార్డెన్‌ని పేరడిగింది, మొగుడి పేరడిగింది, మొగుడు హాస్టల్లోకి వస్తాడా అనడిగింది. అజూమా సిగ్గుతో చచ్చిపోయింది.

"అమ్మా, అందరూ చూస్తున్నారు. ఎందుకిలా వస్తావు?"

"చూడనీ. నువ్వెళ్ళి చదువుకో," అంది అవినో.

పిల్ల లోపలికి వెళ్ళిపోయాక మా అవినో బడి చుట్టూ నడిచింది. కంచె తీగని అక్కడక్కడా పట్టుకుని లాగి చూసింది. ఒకచోట వదులుగా ఉంటే, నేను బస్సు పోతుందని మొత్తుకుంటున్నా వినకుండా, కింద కూర్చుని ఊడొచ్చిన మేకుని రాయితో గుంజలోకి దిగ్గొట్టింది.