పోలింగు రోజున దొరికిన పెట్టె

వ్యాను డ్రైవరుకు మద్యం వాసన పడదు. ఇరవై రెండేళ్లుగా డిపో నుంచి దుకాణాలకు సీసాల పెట్టెలు చేరవేస్తున్నా, ఒక్క చుక్క నోట పడింది లేదు. సరుకు అమ్మకూడని రోజులు మాత్రం ఆయనకు కంఠతా వచ్చు. పోలింగు ముందురోజు సాయంత్రం ఆరింటి నుంచి పోలింగు మర్నాడు పొద్దున పదింటిదాకా అమ్మకూడదు, బండిలో తిప్పకూడదు, ఇంట్లో దాచడం అసలే కూడదు.

ఈసారి కూడా ఆరు కొట్టేలోపే చివరి దుకాణంలో సరుకు దించి, అంతా ముట్టినట్టు రవాణా పాసు మీద ముద్ర వేయించుకుని, ఖాళీ అట్టపెట్టెలు బండిలో పడేసుకుని ఇంటికొచ్చాడు. ఆ హడావిడిలో రోజూ చేసే పని ఒకటి మరిచాడు. ఖాళీ పెట్టెల్ని ఒక్కోటీ కాలితో తన్ని చూడడం.

పోలింగు రోజు పొద్దున బండి ఊడుస్తూ తన్నాడు. ఒక పెట్టె కదల్లేదు.

లోపల పన్నెండు సీసాలు, వేసిన సీలు వేసినట్టే ఉంది. బండి కదిపితే రవాణా, ఇంట్లో పెడితే నిల్వ. పగలగొడదామంటే మూతతో సహా సీసా మెడ తెచ్చి చూపిస్తే తప్ప డిపోవాళ్లు లెక్కలోకి తీసుకోరు, ఆ మెడలు ఇంట్లో దొరికినా పట్టుబడ్డట్టే. తోటి డ్రైవరొకడు క్రితం ఎన్నికలప్పుడు రెండు సీసాలతో పట్టుబడి లైసెన్సు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఎవరింటి గేటు దగ్గరో కాపలా కూర్చుంటున్నాడు.

దాచలేక భార్యకు చెప్పాడు. తానే వెళ్లి ఎక్సైజు ఇన్‌స్పెక్టరుకు చెప్పేస్తానన్నాడు.

"పిలవకుండానే వెళ్లి బేడీలకు చేతులు చాపుతారా?" అంది ఆమె.

ఆయన వినలేదు. బండి తీస్తే నేరం కాబట్టి ఆఫీసుదాకా నడిచే వెళ్లాడు. ఇన్‌స్పెక్టరు ఆయన్ని జీపెక్కించుకుని వచ్చాడు. వ్యాను తలుపు తెరిచి, పెట్టెలన్నీ బూటు కాలితో తన్నాడు. అన్నీ ఎగిరిపడ్డాయి.

"ఏమయ్యా, పొద్దున్నే పుచ్చుకున్నావా?"

డ్రైవరు తన భార్య వంక చూశాడు. ఆమె తలెత్తలేదు. ఇప్పుడు నిజం చెబితే పెట్టె దాచిన నేరం ఆమె మీదికి పోతుంది.

"పొరపాటు పడ్డాను సార్. కంగారులో ఖాళీదాన్నే నిండుదనుకున్నా."

ఇన్‌స్పెక్టరు మంచినీళ్లడుగుతూ ముందుగదిలోకి నడిచాడు. అక్కడ డ్రైవరు అత్తగారు కూర్చుని ఉంది, కింద ఏదో దుప్పటి కప్పిన ఎత్తు. పోస్టుమాన్ కనిపించినా లేచి నిలబడే మనిషి, యూనిఫాం చూసి కూడా లేవలేదు.

"మోకాళ్లు, బాబూ," అంది.

ఇన్‌స్పెక్టరు తాపీగా నీళ్లు తాగాడు. గ్లాసు తిరిగిస్తూ దుప్పటి వైపు ఒకసారి చూశాడు.

"సాయంత్రం మళ్లీ ఇటే వస్తా," అని జీపెక్కాడు.

జీపు చప్పుడు సందు చివర వినబడకుండా పోయాక, అల్లుడు దుప్పటి అంచు పట్టుకున్నాడు. అత్తగారు ఆ చేతిని పక్కకు తోసింది.

"రేపు పదింటిదాకా నేను లేవను నాయనా. కంచం ఇక్కడికే తెమ్మను."

"మరి ఓటో?" అంది కూతురు. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఓటు మానని మనిషి ఆవిడ.

"మీరు వేసి రండి. తలుపు దగ్గరగా వేసి పొండి."