ఆకుల లంగా

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా జగిత్యాలలో వాళ్ల బడిలో ఆదిమానవుల గుహ కట్టారు. అట్టపెట్టెలకు మట్టిరంగు పూసి, లోపల ఎర్ర కాగితాలతో ఉత్తుత్తి మంట చేసి పెట్టారు. అందులో తల్లి వేషం మా అమ్మాయిది. గౌను మీద ఆకుల లంగా కట్టుకుని రమ్మన్నారు.

ఆ మాట వినగానే మా అమ్మ తాగుతున్న చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి.

“నా మనుమరాలు నలుగుట్ల ఆకులు కట్టుకొని తిరుగుతదారా? నేసేటోళ్ల ఇంట్ల బట్టకు కరువచ్చిందంటరు.”

“అప్పుడు బట్టలే లేవు బాపమ్మా,” అంది మా అమ్మాయి. “తోళ్లు కప్పుకున్నరు. ఎముకతోని సూది చేసి కుట్టుకున్నరు.”

అమ్మ ఆలోచనలో పడింది. “ఎముక సూదికి బెజ్జం ఎట్ల కొట్టిండ్రే?”

మా అమ్మాయికి తెలియదు. నాకూ తెలియదు. అమ్మకు మాత్రం ఆ ఆదిమానవుల మీద ఒక్కసారిగా గౌరవం పుట్టుకొచ్చింది.

“గంత పనోళ్లా! గట్లయితే కట్టుకోనీ,” అని తనే కుట్టడానికి కూర్చుంది. సారంగాపూర్ వైపు నుంచి నేను తెచ్చిన మోదుగాకులను పాత పంచె పట్టీకి వరుసగా కుట్టి, కింద అంచు కూడా వేసింది. ఆదిమానవుల్లో అంచు లంగా కట్టే భాగ్యం ఇంకెవరికీ దక్కి ఉండదు.

మర్నాడు ముగ్గురం ఆటోలో బడికి వెళ్లాం. మా అమ్మాయి లంగాను కిటికీ ఊచకు తగిలించి నీళ్లు తాగడానికి వెళ్లింది. గేటు తీసి ఉంది. ఎవరిదో మేక లోపలికి వచ్చింది. మేం చూసి అరిచేసరికి పట్టీ ఒక్కటే మిగిలింది.

“నీ కడుపు కాల! గడ్డి దొరకలేదానే నీకు?” అని అమ్మ మేకను తరిమింది. ఏడుస్తున్న మనుమరాలిని దగ్గరికి తీసుకుని, తన భుజం మీది నేత దుప్పటిని ఆమె చుట్టూ చుట్టేసింది. కోపంగా కనబడాలని చూసింది గానీ, ముఖంలో సంబరం దాగలేదు.

హెడ్‌మాస్టరమ్మ గుహ ముందు ఆగింది. “ఆదిమానవులకు నేత దుప్పటి ఎక్కడిదమ్మా?”

మా అమ్మాయి తడుముకోలేదు. “అప్పటికే మా బాపమ్మ పుట్టింది మేడం!”

అందరూ ఘొల్లున నవ్వారు. అమ్మ నా వైపు తిరిగింది. “నేను గంత ముసల్దాన్నారా?”

నేను గోడ వైపు చూశాను.

“అయితే మీరు కూడా లోపల కూసోండమ్మా,” అంది హెడ్‌మాస్టరమ్మ నవ్వాపుకుంటూ. అమ్మ “నాకెందుకు బిడ్డా” అంటూనే వంగి గుహలోకి దూరింది. ఇక అక్కడినుంచి రాజ్యం ఆమెదే. చూడవచ్చిన పిల్లలను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. కాగితం మంటను ముట్టబోయిన ఒకడిని, “చెయ్యి కాల్తది, దూరం జరుగు!” అని గదిమింది. వాడు నిజంగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

మధ్యాహ్నానికి మా అమ్మాయి వేషం విప్పేసి స్నేహితులతో అన్నానికి వెళ్లిపోయింది. నేను ఆటో పిలిచి గుహలోకి తొంగిచూశాను.

“జరసేపాగురా,” అంది అమ్మ, కాళ్లు చాపుకుంటూ. “ఇంకో బడోళ్లు అస్తున్నరట.”