సాక కల్లు, తమ్ముడి పూచీకత్తు

మా గల్లీ మూలన ప్లాస్టిక్ కవర్లలో కట్టి అమ్మే కల్లుకు పులుపు వెనకాల మందుల షాపు వాసన ఒకటి తగులుతుంది. ఈ ఏటి బోనాల నుంచి ఆ వాసనకు నాకు ఒళ్లు మండుతోంది.

మా చిన్నప్పుడు కల్లు ఇట్లా ఉండేది కాదు. ఇప్పుడు విమానాశ్రయం రోడ్డు పోయేచోట ఈతవనం ఉండేది. తెల్లవారుతూనే గౌడు తాత మోకు భుజాన వేసుకుని వచ్చి, చెట్టెక్కి కల్లు లొట్టి దింపేదాకా నేనూ తమ్ముడు శ్రీశైలమూ కింద చిర్రగోనె ఆడుతూ కాచుకుని, ఆయన మోదుగాకు దొప్పలో పోసిన తీయటి కల్లును, నురగలో తేలే చీమల్ని ఊదుకుంటూ తాగేవాళ్లం. బోనాల నాడు నాయనమ్మ బెల్లపన్నం కుండకు పసుపు రాసి, వేపమండలు కట్టి, మైసమ్మ ముందు నేల మీద కల్లు ధారగా పోసేది. అదే సాక. మిగిలింది పిల్లలకు తలా గుక్కెడు. తీర్థం కాబట్టి కాదనే మాటే లేదు.

ఆ అలవాటే ఈసారి మా కొంప ముంచబోయింది.

శ్రీశైలం ట్యాక్సీ నడుపుతాడు. ఆరాంఘర్ దగ్గర గంజాయి పొట్లంతో దొరికితే, మొదటి తప్పని కోర్టు జైలుకు పంపకుండా, ఏడాదిపాటు మంచి నడవడికకు పూచీకత్తు రాయించుకుని వదిలింది. ఏ మత్తూ ముట్టకూడదు, నెలనెలా ప్రొబేషన్ అధికారి ముందు సంతకం పెట్టి మూత్ర పరీక్ష ఇవ్వాలి. నా చదువు పదితోనే ఆగినా గ్రంథాలయంలో చట్టాల పుస్తకాలు వరుసపెట్టి చదివినదాన్ని. షరతు తప్పితే ఏమవుతుందో ఇంట్లో ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. ఎవరు విన్నారు?

బోనాల నాడు అమ్మ కవరు కల్లుతో సాక పోసి, చెంబు తమ్ముడి నోటి దగ్గర పెట్టింది.

“వద్దే అమ్మా, పరీక్షుంది,” అన్నాడు వాడు.

“సాకకు ఏమైతదిరా? తల్లిది కాదంటే కండ్లు పోతయి.”

“అది చెట్టు కల్లు కాదే, మత్తుబిళ్లలు కలుపుతరు,” అన్నాను.

“నువ్వు జర పుస్తకం మూసి బోనమెత్తు, వకీలమ్మా!”

వాడు తాగాడు. గుక్కెడు కాదు, చెంబెడు.

ఆ వారమే పరీక్షలో మత్తుబిళ్లల మందు తేలింది. అధికారి నివేదిక పంపాడు, కోర్టు నోటీసు వచ్చింది. అప్పుడు గాని నా చదువు ఎవరికీ గుర్తురాలేదు. షరతు తప్పడం మొదటిసారి గనుక చిన్న జరిమానాతో పూచీకత్తు కొనసాగించవచ్చు, లేదా గంజాయి కేసులో ఆపిన శిక్షను ఇప్పుడు వేసి జైలుకు పంపవచ్చు, నోటీసుకు పోకపోతే వారెంటు వస్తుంది అని మళ్లీ మొదటినుంచి చెప్పాను.

“అక్కా, దవాఖానల ఇచ్చిన బిళ్లలని చెప్తే?” అన్నాడు తమ్ముడు.

“డాక్టర్ చీటీ ఏదిరా?”

ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఒట్టు వేయించుకున్నాను.

కోర్టులో వాడు నోరు విప్పేలోపే అమ్మ ముందుకొచ్చింది. “సారూ, నేనే తాపిన. వాడు వద్దనే అన్నడు.” జడ్జిగారు కాగితాలు చూసి, షరతు కొడుకుదే గాని తల్లిది కాదని చెప్పి, జరిమానాతో వదిలి, ఇంకొక్కసారి జరిగితే జైలే అన్నారు.

బయటికి రాగానే అమ్మ మొదటి మాట: “చూసినవా, మైసమ్మ తల్లే కాపాడింది.” నేను తల కొట్టుకున్నాను.

ఈతవనం లేదు, గౌడు తాత లేడు, మోకు కట్టేవాళ్లూ లేరు. మొన్న ఆదివారం మైసమ్మ దగ్గర అమ్మ కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లే ధారగా పోసింది. మిగిలినవి తమ్ముడికిస్తూ, నా వైపు చూడకుండా అంది: “తాగురా. గిది పరీక్షల రాదు.”