కళావతి నిన్న ఏం తింది?

తాతబ్బాయికి కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన ఏడాదిన్నరకి, డాక్టరు గారు చీటీ మీద ఇంకో గది నంబరు రాసిచ్చారు. "అక్కడ డైటీషియన్ ఉంటారు, కలిసి వెళ్ళండి" అన్నారు.

అతని భార్య కళావతికి ప్రాణం ఉసూరుమంది. వారానికి రెండుసార్లు భర్తని ఆటోలో నర్సీపట్నం తీసుకురావాలి. నాలుగు గంటలు డయాలసిస్ గది బయట కూర్చోవాలి. మిగతా రోజుల్లో ఊళ్ళో జీడిపిక్కలు ఒలిచే పనికి పోవాలి. ఇప్పుడు ఇంకో గుమ్మం ముందు పడిగాపులు. లోపల ఏం చెప్తారో ఆమెకి తెలుసు. అది తినకూడదు, ఇది తినకూడదు అని ఓ కాగితం ఇస్తారు. అలాంటిది ఇంట్లో తలుపు వెనక ఒకటి అంటించే ఉంది. దాన్ని చూసిన భయంతోనే అతను సగం తిండి మానేశాడు.

డైటీషియన్ గౌతమి గారు కాగితమేదీ తీయలేదు. ముందు అతని బరువు చూశారు, జబ్బ పట్టుకుని కండ ఎంత తగ్గిందో చూశారు, రక్తపరీక్షలు చదివారు. తర్వాత అడగడం మొదలుపెట్టారు.

"నిన్న లేచిన దగ్గర్నుంచి ఏమేం తిన్నారు, ఏమేం తాగారు? మంచినీళ్ళతో సహా చెప్పండి."

"రెండు గ్లాసుల నీళ్ళండి" అన్నాడు తాతబ్బాయి.

"అబద్దమండి. సెంబుతో తాగేత్తాడు. నాను పనికెళ్తే అడిగీవోళ్ళు లేరు" అంది కళావతి.

గౌతమి గారు కసురుకోలేదు. "ఉప్పు తగ్గితే దాహం కూడా తగ్గుతుంది" అన్నారు. రోజూ కొబ్బరినీళ్ళు తాగుతున్నాడని తెలిసినప్పుడు మాత్రం ఆవిడ కలం ఆగిపోయింది. ఒంటికి చలవని ఎవరో చెప్పారట. "అందులో ఉండే పొటాషియాన్ని మీ కిడ్నీలు బయటికి పంపలేవు. అది గుండెకి ప్రమాదం. ఈరోజు నుంచే మానెయ్యండి."

ముప్పావుగంట పట్టింది. అన్నం మానమనలేదు. కూరముక్కలు ఉడికించి ఆ నీళ్ళు పారబోయమన్నారు. పచ్చళ్ళు, అప్పడాలు వద్దన్నారు. గుడ్డులో తెల్లసొన రోజుకి రెండు పెట్టమన్నారు. తాగే నీళ్ళు ఓ సీసాలో కొలిచి పోసి, అవి సాయంత్రం దాకా సరిపెట్టుకోమన్నారు. నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

ఆ నెలంతా కళావతి నాలుగున్నరకే లేచింది. ముక్కలు ఉడికించడం, వార్చడం, మళ్ళీ పొయ్యి మీద పెట్టడం. చప్పిడి కూర చూసి తాతబ్బాయి రెండుసార్లు పళ్ళెం తోసేశాడు. పోట్లాడే ఓపిక ఆమెకి లేదు. పళ్ళెం తీసి, గంట పోయాక మళ్ళీ పెట్టింది.

రెండోసారి వెళ్ళేసరికి, డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య నీరు చేరి నాలుగు కిలోలు పెరిగే బరువు రెండున్నర దగ్గర ఆగింది. కాళ్ళ వాపు తగ్గింది. "బాగా చేశారు" అన్నారు గౌతమి గారు. కళావతి లేవబోతూ కళ్ళు తిరిగి బల్ల పట్టుకుంది.

"కూర్చోండి. మీరు నిన్న ఏం తిన్నారు?"

"నానా?" ఆమెకి గుర్తు రాలేదు. ఆలోచించి, ఆలోచించి చెప్పింది. "పొద్దున్న టీ అండి. మజ్జానం ఆయన ఒగ్గేసిన కూర, గుడ్లలో పచ్చసొన. పడెయ్యలేను కదండీ. మళ్ళీ టీ. రాత్రి ఏటి తిన్నానో మరి..."

తాతబ్బాయి తల దించుకున్నాడు.

గౌతమి గారు ఆమెని డాక్టరు దగ్గరికి పంపారు. రక్తం ఎనిమిది గ్రాములే ఉందని తేలింది. చేతికి ఇంకో ఫైలు వచ్చేసరికి కళావతికి ఏడుపు ముంచుకొచ్చింది. "ఈయనదే సూసుకోలేక సత్తన్నాను. మళ్ళీ నాకొకటా? నా వల్ల కాదమ్మా."

"కొత్త పనేమీ చెప్పను" అన్నారు గౌతమి గారు. "ఒకటే కూర వండండి. ఆయన వాటా ముందు తీసి, మిగిలినదాంట్లో మీ ఉప్పూకారం వేసుకోండి. పనికి వెళ్ళేముందు చోడి అంబలి, అదే రాగిజావ, తాగండి. వారంలో నాలుగు రోజులు మునగాకో తోటకూరో. అవి మీకే, వాటిలోనూ పొటాషియం ఎక్కువ, ఆయనకి పెట్టొద్దు. టీ మాత్రం తిన్న వెంటనే తాగకండి. డాక్టరు గారిచ్చిన మాత్రలు మానొద్దు."

మునగాకు పని తాతబ్బాయి తీసుకున్నాడు. డయాలసిస్ లేని రోజుల్లో అరుగు మీద కూర్చుని మెల్లగా దూసిపెట్టేవాడు. అంతకుమించి చేసే శక్తి అతనికి లేదు.

మూడు నెలలకి ఆమె రక్తం పదికి చేరింది. అలసట పోయిందని చెప్పలేం. వారానికి రెండు ప్రయాణాలూ అలాగే ఉన్నాయి, కిడ్నీలు బాగుపడవని ఇద్దరికీ తెలుసు. కానీ ఇప్పుడు అతన్ని లోపలికి పంపాక కళావతి ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, తెచ్చుకున్న అన్నం మూత తీస్తుంది. ఎవరూ పిలవకుండా, ఎవరికీ వడ్డించకుండా, నెమ్మదిగా తింటుంది. తిన్నాక గోడకి ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకుంటుంది.