రాజు పాటల్లోంచి మోత తీసేస్తారట

ఆదివారం కొత్త కాపీలు తీయబోతున్నారు కాబట్టి ఈ మాట ఇవాళే రాయాలి. మా పక్కింటి రాజు పోయాక అతని ర్యాప్ పాటల క్యాసెట్టును స్నేహితులు బయటికి తెచ్చారు. పాడింది వాళ్లే. మనవాళ్లు పనిచేసే వర్క్‌షాపులో సుత్తి దెబ్బలు రికార్డు చేసి, వాటితో తాళం కట్టి పాటలు తయారుచేసింది రాజు.

ఇవాళ మన సంఘం గోడపత్రికలో దాని మీద సమీక్ష వచ్చింది. సాయంత్రం రాజు వాళ్లమ్మ మేరీ పిన్ని నన్ను మలంచాలో ఆ పత్రిక అతికించిన గోడ దగ్గరికి తీసుకెళ్లి చదివించుకుంది.

“గొంతులు బాగున్నాయి. వెనకాల మోత తీసేస్తే ఇంటిల్లిపాదీ వినొచ్చు. కొత్త కాపీల్లో తీసేస్తామని కుర్రాళ్లు ఒప్పుకున్నారు” అని చదివాను.

“మోతంటే ఏటమ్మా?”

“సుత్తి దెబ్బలు పిన్నీ.”

“మా ఓడు సేసింది అదే గదే! పాడినోళ్లు ఈళ్లు. అది తీసేస్తే ఆడేటి మిగిల్నాడు?”

ఆ సుత్తుల జీతంతోనే మనమంతా అన్నం తింటున్నాం, పాటలో వినబడితే మాత్రం చెవులు మూసుకుంటున్నాం!

ఈ కాగితాన్ని సమీక్ష పక్కనే అతికిస్తున్నాను. క్యాసెట్టు విన్నవాళ్లు, నచ్చినా నచ్చకపోయినా, శనివారం సాయంత్రంలోగా మీ మాట దీని కింద రాయండి. పిన్నికి నేను చదివి వినిపించాలి.