మంచం మీద ఐరిష్ టోపీ బిళ్లలు

మా అబ్బా తిరుమలగిరి బారకుల్లో దర్జీ. తెల్ల సిపాయిల చొక్కాలు బిగించో వదులు చేసో మమ్మల్ని సాకాడు. ఆయనకు కూలి కన్నా వాళ్ల టోపీ బిళ్లల మీదే పిచ్చి. అందులోనూ ఐరిష్ పటాలాలవి, కిరీటం కింద వీణలాంటి వాద్యం చెక్కిన ఇత్తడి బిళ్లలు. మొదటి పెద్ద యుద్ధం నాటివట, తర్వాత ఆ పటాలాలనే ఎత్తేశారట, ఇక దొరకవట. చినిగిన కోటు ఊరికే కుట్టిచ్చి మరీ ఒకటి సంపాదించాడు. ఈద్‌కు మాకు కొత్త బట్టల్లేవు గానీ వాటికి మఖ్మల్ గుడ్డ! నాకు ఒళ్లు మండేది.

పోలీసు చర్య అయిన వారానికి భారత సైన్యం మా గల్లీలో ఇల్లిల్లూ సోదా మొదలుపెట్టింది. రజాకార్ల కోసం వెతుకుతున్నారు. మిలటరీ వస్తువు కనబడితే మగవాళ్లను పట్టుకుపోతున్నారు. ఇరుగుపొరుగు తమ దగ్గరున్న అలాంటివన్నీ బావిలో పడేశారు.

"నువ్వు సుత పారెయ్యి. కొరివితోని తల గోక్కుంటవా?" అంది అమ్మీ.

"దాస్తెనే దొంగ. ఫౌజోళ్ల కాయిదా నాకు తెల్వదా?" అన్నాడు అబ్బా.

బారకుల్లో తనిఖీ రోజున ప్రతి సిపాయీ తన సామానంతా మంచం మీద వరసగా పరిచి పక్కన నిటారుగా నిలబడతాడు. ఏళ్ల తరబడి అది చూసి, ఏ ఫౌజైనా అంతే అనుకున్నాడు పిచ్చి మనిషి. చింతపండు పెట్టి బిళ్లలు తోమాడు. మంచం మీద మఖ్మల్ పరిచి పేర్చాడు. వాళ్లు లోపలికి రాగానే మడమలు కలిపి సలాం కొట్టాడు.

వాళ్ల అధికారి ఒక బిళ్ల తిప్పి చూశాడు. కుట్టుమిషన్ పక్కన ఖాకీ గుడ్డా చూశాడు. ఈ డ్రస్సులు ఎవరికి కుడుతున్నావని హిందీలో గద్దించాడు. అబ్బా ఐరిష్ పటాలాల కథ మొదలుపెట్టాడు. ఎవడు వింటాడు? రెక్క పట్టి బండెక్కించారు. చెప్పులు కూడా వేసుకోనివ్వలేదు.

అమ్మీ రోజూ నన్ను వెంటబెట్టుకుని, ఆయన్ను ఉంచిన చోటికి అన్నం డబ్బా తీసుకెళ్లేది. గేటు దగ్గరి జవాను, మద్రాసు వైపు తెలుగువాడు, అది తీసుకుని నిన్నటి ఖాళీ డబ్బా ఇచ్చేవాడు. ఖాళీ డబ్బా చూస్తే మాకు ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు డబ్బా నిండుగానే తిరిగొచ్చింది. మెతుకు కదల్లేదు. జవాను మొహం పక్కకు తిప్పుకుని, "ఇక తేవద్దమ్మా," అన్నాడు.

నాకు తెలిసిపోయింది. అమ్మీ మాత్రం డబ్బా మూత గట్టిగా నొక్కి, "అన్నం సయిస్తలేదేమో. రేపు జొన్నరొట్టె తెస్తనని జెర చెప్పు బాబూ," అంది.