తెలియదని చెప్పడం నేర్పిన డాక్టరమ్మ

తెనాలిలో మా ఆసుపత్రి వెనక గదిలో కరెంటు పోగానే ఫ్రీజర్ అలారం కీచుమంటుంది. ఈ పొద్దున కూడా మోగింది. టీ గ్లాసు పక్కన పెట్టి పరుగెత్తాను. ఒకప్పుడు నాకన్నా ముందు విజయకుమారి గారు పరుగెత్తేవారు. పక్షవాతానికి వైద్యం చేసే డాక్టరు, మోకాళ్ళ నొప్పుల మనిషి, అయినా ఆవిడే ముందు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడా పరుగు నా ఒక్కదానిదే, ఓపిక ఉన్నా లేకపోయినా.

ఆ ఫ్రీజర్లో ఉన్నది బాపట్ల, రేపల్లె వైపు కుటుంబాల రక్తం. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి చిన్న వయసులోనే పక్షవాతం ఎందుకొస్తోందో, ఆ కారణం జన్యువుల్లో ఉందేమో వెతికే పని మాది. ఒక్క ఊరి రక్తంతో తేలే సంగతి కాదు కాబట్టి, ఆ రక్తంలోంచి రాబట్టిన వివరాలు వేరే దేశాల పరిశోధకులకూ వెళతాయి. వాళ్ళతో వీడియోలో మాట్లాడిన ప్రతిసారీ డాక్టరమ్మ ఒకటే అడిగేవారు, మా వాళ్ళకి ఏం చెప్పమంటారని. జవాబూ ఒకటే: ఇంకా తేలలేదు, ఒక్కొక్కరి విషయం చెప్పలేం. ఆ ముక్క చెప్పడానికే ఆవిడ ఏడాదికోసారి నన్ను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగేవారు.

"ఏమీ తేలలేదని చెప్పడానికి ఇంత ఎండలో వెళ్ళాలాండీ?" అని రేపల్లె రైల్లో ఒకసారి విసుక్కున్నాను.

"ఇంత ఎండలో వెళ్ళే కదమ్మాయ్, రక్తం అడిగాం" అన్నారు.

మరుసటేడు ఆవిడకు ఒంట్లో బాగోక నేనొక్కదాన్నే వెళ్ళాను. రేపల్లెలో బాషా అని ఒక టైలరు. తండ్రికీ అన్నకీ నలభై ఏళ్ళు నిండకుండానే పక్షవాతం వచ్చింది. "నాకూ వస్తుందా అక్కా?" అని అడిగాడు. ఆ రోజుకి అది పదో ఇల్లు. కాళ్ళు పీకుతున్నాయి. "నీకేం రాదులే, రక్తం శుభ్రంగా ఉంది" అనేసి స్టేషనుకు నడిచాను. అతను నమ్మాడు. అప్పటిదాకా వేసుకుంటున్న బీపీ మాత్రలు మానేశాడు. నాలుగు నెలలకు కుడిచెయ్యి పడిపోయింది.

నేనన్న మాట చెప్తే డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నన్ను తీసుకుని బాషా ఇంటికి వెళ్ళి, మంచం పక్కన కూర్చున్నారు. "తెలియని సంగతి తెలిసినట్టు చెప్పింది మా మనిషి. తప్పు మాదే బాషా" అన్నారు.

"అక్క నా భయం చూడలేక చెప్పిందిలెండి" అన్నాడతను, మాట తడబడుతూ.

కాదు. రైలు అందుకోవాలని చెప్పాను. ఆ సంగతి ఇప్పటికీ అతనితో అనలేదు.

తిరుగు రైల్లో, "తెలియదు అనడానికి నోరు రావాలమ్మాయ్. నాకు ముప్పై ఏళ్ళు పట్టింది" అన్నారావిడ.

పోయిన నెల ఆ పరిశోధన అచ్చయింది. ఎన్నో దేశాల వాళ్ళ పేర్ల మధ్య ఆవిడ పేరూ ఉంది. జన్యువుల్లో కొన్ని ఆనవాళ్ళు దొరికాయట, ఎవరికి వస్తుందో మాత్రం ఇంకా చెప్పలేరట. ఆ కాగితం పట్టుకుని మళ్ళీ రేపల్లె వెళ్ళాను. ఇప్పుడు మిషను తొక్కుతున్నది బాషా కూతురు షాహీన్. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి నాకొస్తుందా అత్తా?" అంది. లోపల మంచం మీద బాషా వింటున్నాడు.

రాదమ్మా అనాలని ప్రాణం కొట్టుకుంది.

"తెలియదమ్మా" అన్నాను. "చెయ్యి ఇలా పెట్టు, బీపీ చూస్తాను."